తాళం గుర్తు, సుజాత, నా కడుపుమంట

సుజాత పేరు ఎత్తకుండా ఈ నాలుగు మాటలు రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. కుదరలేదు. నా ఉద్యోగంలో సగం ఆమెతో కలిసి చేశాను. ఆ సగమంతా ఆమెను చూసి కుళ్ళుకుంటూనే చేశాను. ఆమెను తీసేస్తే ఇక మిగిలేది సర్వర్ల గోల. అది నాకంటే బాగా చెప్పేవాళ్ళు మీ ఫోన్లోనే బోలెడుమంది ఉన్నారు.

నా పేరు రాములు. వనపర్తిలో ఒక చిన్న కంపెనీలో వెబ్ సర్వర్లు చూసుకునేవాణ్ని. కాలేజీలు, కల్వకుర్తి వైపు వ్యాపారులు, గద్వాల నేత సంఘాలు, ఇలా చుట్టుపక్కల వెబ్‌సైటు కావాలన్నవాళ్ళు మా దగ్గరికి వచ్చేవారు. మా ఓనరు ఖాదర్ సాబ్. కంప్యూటరు ముట్టుకోకుండానే కంప్యూటర్ల కంపెనీ నడిపిన మనిషి. నేను ఆయన దగ్గర మొదటి ఉద్యోగిని. సుజాత నా తర్వాత చాలా ఏళ్ళకు వచ్చింది. పని నేర్పింది నేనే. ఈ మాట ఎక్కడ అవకాశం దొరికితే అక్కడ చెబుతుంటాను, ఇక్కడా చెప్పేశాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలూ, ప్రమోషన్ల సంగతి నన్ను అడగకండి. మా కంపెనీలో అవి లేవు. ఉన్నదల్లా పని, ఆ పని ఎవరికి ఇస్తారన్నది, ఎవరి నంబరుకు ముందు ఫోను వస్తుందన్నది. నా బాధంతా ఆ చివరిదాంతోనే.

మైకులో మాట్లాడిన రోజులు

మీరు ఫోనులో ఒక వెబ్‌సైటు పేరు కొడతారు. మీ ఫోనులో ఉన్న బ్రౌజరు ఆ పేరుగల సర్వరు ఎక్కడుందో కనుక్కుని, ఫలానా పేజీ ఇవ్వమని అడుగుతుంది. సర్వరు ఇస్తుంది. అసలు పని ఇంతే. గొడవంతా ఆ అడగడం, ఇవ్వడం ఏ దారిన జరుగుతాయన్నది. నేను చేరిన కొత్తలో అవి బస్టాండులో మైకు పెట్టి మాట్లాడుకున్నట్టే ఉండేవి. దారిలో ఎవడు చెవి పెట్టినా వినిపించేది. పాస్‌వర్డులూ అలాగే పోయేవి.

ఇది ఖాదర్ సాబ్‌కు అర్థమయ్యేలా చెప్పాలనుకున్నాను. దారిన పోయే మాటల్ని పట్టి చూపించే ప్రోగ్రాము ఒకటి మా ఆఫీసు లైను మీద పెట్టి, ఆయన మెయిలు తెరవగానే ఆయన పాస్‌వర్డు గట్టిగా చదివాను. ఆఫీసంతా విన్నది. అది వాళ్ళ బేగం ముద్దుపేరట.

"అరే రాములు, దిమాక్ ఖరాబైందా నీకు? నలుగురి ముందల నా ఇజ్జత్ తీస్తవా?" అని కుర్చీలోంచి లేచాడు.

"సాబ్, ఎవడైనా ఇట్లనే చదవొచ్చని చెప్తున్న..."

"ఎవడో ఎందుకు చదువుతడు? నువ్వు చదివినవ్! నడువ్ అవతలికి!"

మా సైట్లకు రక్షణ పెట్టే పని అక్కడితో ఆగిపోయింది. కొన్నాళ్ళకు సుజాత అదే ప్రోగ్రాము, అదే లైను, అదే ఖాదర్ సాబ్‌తో అదే పని చేసింది. కాకపోతే పాస్‌వర్డు జోలికి పోలేదు.

"సాబ్, మీకు మనసుకొచ్చింది ఏదన్న ఒకటి రాసి మన సైట్ల వెయ్యుండ్రి. నేను ఈడ కూసొని చదివి చెప్త" అంది.

ఆయన లోపలి గదిలో కూర్చుని ఏదో కొట్టాడు. సుజాత ఇవతల గట్టిగా చదివింది: "రాములు చాయ్ తాగనీకి పోయి గంటయింది, ఇంగా రాలే." సరిగ్గా అప్పుడే నేను లోపలికి వస్తున్నాను. ఆఫీసు ఆఫీసంతా ఒకటే నవ్వు. ఖాదర్ సాబ్ కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి, "షాబాష్ బేటా! గింత సాఫ్‌గ నాకు ఎవ్వరు చెప్పలే ఇప్పటిదాంక" అన్నాడు.

ఎవ్వరూ చెప్పలేదట! నేను నవ్వినట్టు మొహం పెట్టి నా కుర్చీలో కూర్చున్నాను. లోపల మాత్రం భగ్గుమంది.

ఆ రోజు నేను నేర్చుకోవాల్సింది నేర్చుకోలేదు గానీ, మీరు నేర్చుకోండి. ప్రమాదం చూపించేటప్పుడు ఎదుటి మనిషి పరువు తీయొద్దు. భయపడ్డవాడు వింటాడు, అవమానపడ్డవాడు వినడు. ఆ తర్వాత మా సైట్లన్నిటికీ తాళం గుర్తు వచ్చింది. పెట్టింది చాలావరకు నేను. పేరు ఎవరికొచ్చిందో చెప్పనక్కర్లేదు.

ఆ తాళం గుర్తుకు అర్థం

బ్రౌజరు పైన కనిపించే చిన్న తాళం గుర్తు గురించి జనానికి సగమే తెలుసు. అలా సగం తెలియడం అసలు తెలియకపోవడం కంటే ప్రమాదం.

బ్రౌజరు పలకరించగానే సర్వరు తన ధ్రువపత్రం చూపిస్తుంది. మేమంతా సర్టిఫికెట్ అనే అంటాం. అందులో సర్వరు పేరు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా చెల్లుతుందన్న తేదీలు, పేరు నిజమని పూచీ పడ్డ సంస్థ సంతకం ఉంటాయి. పూచీ పడే సంస్థలు ఏవేవి నమ్మదగినవో బ్రౌజరుకు ముందే తెలుసు. ఆ సర్టిఫికెట్‌కు జోడీగా ఒక రహస్యపు కీ సర్వరు దగ్గర ఉంటుంది. అది తన దగ్గర ఉందని సర్వరు అక్కడికక్కడే రుజువు చేసుకోవాలి. అన్నీ కుదిరితే ఇద్దరూ కలిసి అప్పటికప్పుడు ఒక రహస్యం తయారు చేసుకుని, దాంతో మాటల్ని కలగాపులగం చేసి పంపుకుంటారు. మధ్యలో విన్నవాడికి ఒక్క ముక్క అర్థం కాదు. 

ఇంతవరకే తాళం గుర్తు పూచీ. నువ్వు ఈ పేరుగలవాడితోనే మాట్లాడుతున్నావు, మూడోవాడు వినడం లేదు, అని. ఆ పేరుగలవాడు మంచివాడని అది చెప్పదు. దొంగ కూడా తన పేరు మీద సర్టిఫికెట్ తీసుకోవచ్చు. దొంగ షాపుకూ తాళం గుర్తు ఉంటుంది. ఎవరైనా "తాళం ఉంది, నమ్మొచ్చు" అంటే వాళ్ళను అక్కడే ఆపండి.

లింగాలలో వెనక్కి పోయిన గడియారం

లింగాలలో బాలస్వామి అని ఒక సేవాకేంద్రం నడిపే మనిషి ఉండేవాడు. రైతులు పంటల దరఖాస్తులకూ కాగితాలకూ ఆయన దగ్గరికి వస్తారు. ఆయన కంప్యూటర్లో ఏ సైటు తెరిచినా ఎర్రటి హెచ్చరిక వస్తోందని ఫోను వచ్చింది. నాకు కాదు, సుజాతకు. ఆమె వేరే పనిలో ఉంటే ఖాదర్ సాబ్ నన్ను పంపించాడు. బస్సులో వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి బాలస్వామి ఆ హెచ్చరిక కింద ఉన్న చిన్న అక్షరాల మీద టకటకా నొక్కుతూ లోపలికి పోతున్నాడు. ఎదురుగా ఒక రైతు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"ఏం చేస్తున్నవ్ బాలస్వామీ?"

"ఏం లేదు సార్. గిది రోజు వస్తది. గిట్ల నొక్కితే పోతది."

"అది ఏమంటుందో చదివినవా?"

"ఇంగ్లీషుల ఉంటది గద సార్, ఎవలు చదువుతరు?"

హెచ్చరిక చెబుతున్నది సర్టిఫికెట్ తేదీ ఇంకా మొదలు కాలేదని. ఎందుకంటే ఆయన కంప్యూటరులో తేదీ ఇంకా కొన్నేళ్ళ వెనక ఉంది. లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం వెనక్కి పోతోంది. ఆయన ఇన్నాళ్ళుగా హెచ్చరికల్ని దాటడం అలవాటు చేసుకున్నాడు. నిజంగా దొంగ సర్వరు ఎదురైనా అలాగే నొక్కేవాడు. బ్యాటరీ మార్చి, తేదీ సరిచేసి, హెచ్చరిక వస్తే ఆగాలని గట్టిగానే చెప్పాను. అన్నిటికీ తలూపాడు. తర్వాత ఏం చేశాడో తెలుసా? నా ఎదుటే ఫోను తీశాడు.

"మేడం, సారొచ్చి బ్యాటరీ మార్చిండు, తారీకు మార్చిండు. సరేనా మరి?"

అవతల సుజాత ఏమందో నాకూ వినిపించింది. "సారు చేసినంక నన్నేందన్నా అడుగుడు? నాకు నేర్పిందే సారు."

నా పక్షానే మాట్లాడింది. అయినా నాకు మండింది. నేను బస్సులో దుమ్ము తిని వచ్చి చేసిన పనికి, కుర్చీలోంచి కదలకుండా ఆమె సంతకం పెట్టింది. ఆమె సంతకం పడ్డాకే బాలస్వామి మొహం తేటపడింది. నన్ను అడిగితే, సర్టిఫికెట్ల పద్ధతి కనిపెట్టినవాడు ఇలాంటి ఊళ్ళల్లో పెరిగినవాడే అయి ఉంటాడు. మనిషి ఎదురుగా నిలబడితే చాలదు, తెలిసినవాళ్ళు ఎవరో అవునని అనాలి.

గద్వాలలో పంచిపెట్టిన కీ

ఇప్పుడు నా అసలు పుండు దగ్గరికి వస్తున్నాను. గద్వాల నేతపనివాళ్ళ సంఘం ఒకటి మాకు వచ్చిన గిరాకీల్లో గొప్పది. వాళ్ళ చీరల సైటు మొదటి అక్షరం నుంచీ నేను కట్టింది. నూలు ఒళ్ళు, పట్టు అంచు, జరీ కొంగు, ఒక్కో చీరను ఎండలో పెట్టి ఫోటో తీయించాను. పెళ్ళిళ్ళ సీజనులో ఎక్కడెక్కడి నుంచో ఆర్డర్లు వచ్చేవి. మగ్గాలు ఆగకుండా ఆడేవి. ఎక్కడికి వెళ్ళినా "గద్వాల సైటు నాదే" అని చెప్పుకునేవాణ్ని.

ఆ సంఘం పెద్ద నాగప్ప. ఆయనా మగ్గం మీద కూర్చునే మనిషే. ఇంట్లో తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడతారు. తాళం గుర్తు పెట్టిన రోజు నన్ను కూర్చోబెట్టి అడిగాడు.

"కీ అంటున్నరు గద సారూ, అది ఎవరి దగ్గరున్నది?"

"సర్వర్ల ఉన్నది పెద్దాయనా. ఆడనే ఉండాలె. ఎవ్వరికి ఇయ్యద్దు."

"గదెట్ల కుదురుతది? మా జరీ గోదాము తాళంచెవి కమిటీల అందరి దగ్గర ఉంటది. ఒక్కని దగ్గర ఉంటే ఏం తక్కువపడ్డా వాని మీదనే అనుమానం. అందరి దగ్గర ఉంటే ఎవ్వని మీద లేదు. మా తాతల కాడికెల్లి గిదే పద్ధతి."

"ఇది వేరే పెద్దాయనా. మీకు అర్థం కాదు, వదిలెయ్యుండ్రి."

ఇదీ నా జవాబు. నేను వనపర్తి చేరానో లేదో, నాగప్ప తన ఆపరేటరు చేత సర్వర్లోంచి ఆ రహస్యపు కీ బయటికి తీయించి, కమిటీ వాట్సాప్ గ్రూపులో పెట్టించాడు. "సంఘం సైటు తాళంచెవి. అందరు భద్రంగ పెట్టుకోవలెను" అని పైన ఒక మాట కూడా. అందరూ దండాలు పెట్టారు. ఒకాయన దాన్ని ప్రింటు తీయించి బీరువాలో పెట్టుకున్నాడు. ఈ సంగతి నాగప్పే నాకు ఫోను చేసి సంతోషంగా చెప్పాడు.

నేను ఫోనులో అరిచాను. మామూలుగా కాదు. "బుద్ధుందా ఎవరికైనా? కొంప ముంచిండ్రు!" అన్నాను.

 "మా సంఘపోళ్ళు దొంగలని అంటున్నవా సారూ?" అని ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

ఖాదర్ సాబ్ నన్నూ సుజాతనూ కలిపి గద్వాల పంపాడు. సుజాత వెళ్ళీ వెళ్ళగానే మగ్గం పక్కన కూర్చుని, అంచుకు వేస్తున్న రంగు గురించి నాగప్పతో మాట పెట్టుకుంది. ఈమె చీర కొనడానికి వచ్చిందా, పనికి వచ్చిందా అని నేను గడపలో నిలబడి పళ్ళు నూరుతున్నాను. అప్పుడు మెల్లగా అడిగింది.

"పెద్దాయనా, మీ గోదాము తాళంచెవి దొంగకు దొరికితే, వాడు యాడికి రావాలె?"

"గోదాముకే రావాలె మల్ల."

"వస్తే మీరు పడ్తరు. గని గీ కీ దొరికినోడు గద్వాలకు రానే అవసరం లేదు. యాడనో కూసొని నేనే గద్వాల సంఘం అంటడు. చీర కొనేటోళ్ళ ఫోను గూడ అవు, వీడే సంఘం అంటది. గిది తాళంచెవి గాదు పెద్దాయనా, మీ మొకం. మొకం ఎవరన్న పంచుతరా?"

నాగప్ప ఆమె వైపు చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు. "హౌదు! మొకం పంచిన్నా నేను? అయ్యయ్యో!" అంటూ అక్కడికక్కడే ఫోను తీసి గ్రూపులోంచి దాన్ని తుడిపించాడు. బీరువా ఆయన ప్రింటు తెచ్చి చింపేశాడు.

సాంకేతికంగా చూస్తే ఆ పోలిక పూర్తిగా సరైంది కాదు. కీ దొరికినా చాలదు, కొనేవాళ్ళను దారి మళ్ళించి తన దగ్గరికి తెచ్చుకునే ఏర్పాటు కూడా దొంగకు కావాలి. ఆ మాట నేను మధ్యలో చెప్పబోయాను. సుజాత నా వైపు తిరిగి, "సార్, జర ఆగుండ్రి..." అంది. నోరు మూసుకున్నాను. ఇప్పటికీ చెబుతున్నాను, ఆ పోలికలో లోపం ఉంది.

ఆమె కొత్త కీ తయారు చేసి, కొత్త సర్టిఫికెట్ తీసుకుని, పాతది రద్దు చేయించింది. కీ ఒకసారి బయటపడితే తుడిపించడంతో సరిపోదు, ఎవడు దాచుకున్నాడో తెలియదు కనుక మార్చి తీరాలి. పిల్లలూ, ఇది మరిచిపోకండి. 

తెల్లారి నాగప్ప ఖాదర్ సాబ్‌కు ఫోను చేశాడు. "ఇంగ మా పని సుజాతమ్మకే ఇయ్యుండ్రి సాబ్. రాములు సారు మంచోడే గని, ఉత్తగనే అరుస్తడు." ఖాదర్ సాబ్ సరేనన్నాడు. గద్వాల సైటు పాస్‌వర్డులన్నీ నా చేతులతో సుజాతకు అప్పజెప్పాను. "ఏమన్న అనుమానమొస్తే మిమ్మల్నే అడుగుత సార్" అంది.  ఇంటికెళ్ళి అన్నం కూడా సరిగ్గా తినలేదు. నేను ఎండలో ఫోటోలు తీయించిన చీరలు అవి!

అందరికీ కనిపించే చిట్టా

మీకు ఒక మంచి సంగతి చెబుతాను. పూచీ పడే సంస్థలు ఏ పేరు మీద సర్టిఫికెట్ ఇచ్చినా, దాన్ని అందరూ చూడగల చిట్టాల్లో నమోదు చేస్తాయి. అలా నమోదు కాని సర్టిఫికెట్‌ను పెద్ద బ్రౌజర్లు ఒప్పుకోవు. దొంగచాటుగా ఎవరి పేరు మీదా సర్టిఫికెట్ పుట్టకుండా ఈ ఏర్పాటు. ఎవరైనా పోయి ఏ పేరైనా కొట్టి చూసుకోవచ్చు.

నేను రోజూ పొద్దున చాయ్ తాగుతూ గద్వాల సంఘం పేరు కొట్టి చూసేవాణ్ని. ఎందుకంటే, సుజాత తప్పు దొరుకుతుందని. ఆ సర్టిఫికెట్లు మూడు నెలలకోసారి మార్చాలి. ఒక్కసారి మరిచిపోతే చాలు, సైటు తెరిచిన ప్రతివాడికీ ఎర్ర హెచ్చరిక వస్తుంది. అప్పుడు నాగప్ప మొహం ఎలా ఉంటుందో, ఖాదర్ సాబ్ ఏమంటాడో ఊహించుకుంటూ చాయ్ తాగేవాణ్ని. ఆమె మరిచిపోలేదు. గడువు ఇంకా ఉండగానే కొత్తది వచ్చి కూర్చునేది. వాటంతట అవే మారేలా ఏర్పాటు చేసింది. ఆ ఏర్పాటు ఎలా చేయాలో నేర్పింది నేనే, ఖర్మ.

నేను రిటైరవడానికి కొద్ది నెలల ముందు, పెళ్ళిళ్ళ సీజను ఎత్తుకుంటున్నప్పుడు, ఒక పొద్దున ఆ చిట్టాలో కొత్త పేరు కనిపించింది. సంఘం పేరుకు ముందు ‘ఆఫర్’ అని తగిలించి ఉంది. సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ మేమెప్పుడూ వాడనిది. అలాంటి సర్టిఫికెట్ కావాలంటే ఆ పేరు మన చేతిలో ఉందని రుజువు చూపాలి. అంటే, సంఘం పేరు ఏ సర్వరుకు పోవాలో నిర్ణయించే ఖాతాలోకి ఎవడో దూరాడు. ఆ ఖాతా సుజాత చూసుకునేది.

దాచను. ముందుగా నాకు కలిగింది సంతోషం. దొరికింది! ఫోను చేతిలోకి తీసుకుని ఖాదర్ సాబ్ పేరు దాకా వెళ్ళాను. ఒక్క మాట చెబితే చాలు, గద్వాల మళ్ళీ నాది. నాగప్ప నోటితోనే "మల్ల రాములు సారుకే ఇయ్యుండ్రి" అనిపించొచ్చు.

ఆ పేజీ ఎలా ఉందో చూద్దామని తెరిచాను. పైన చక్కగా తాళం గుర్తు. లోపల నేను తీయించిన ఫోటోలే, సగం ధర, కింద కార్డు నంబరు వేయమని గడి. ఏ పెళ్ళివారింటి అమ్మాయో గద్వాల పేరు చూసి నంబరు కొడుతుంది. చీర రాదు. మోసం చేసింది గద్వాలవాళ్ళని ఊరూరా చెప్పుకుంటారు. ఆ తర్వాత ఆ మగ్గాల మీద చీర ఎవరు కొంటారు? ఖాదర్ సాబ్‌కు చెబితే ఆయన ఏం చేస్తాడు? సుజాతకే ఫోను చేస్తాడు. ఖాతా పాస్‌వర్డు ఆమె దగ్గరే ఉంది, ఆపగలిగింది ఆమె ఒక్కతే. మధ్యలో పోయే ప్రతి నిమిషం ఎవరో ఒకరు నంబరు కొడుతుంటారు. నా మంచితనం వల్ల చేశానని రాయను. వేరే దారి లేక సుజాతకు చేశాను.

"సంఘం పేరు ముందర ఆఫర్ అని పెట్టి సర్టిఫికెట్ ఏమన్న తీసినవా నువ్వు?"

 "లేదు సార్."

"అయితే ఎవడో దూరిండు."

"అయ్యో దేవుడా! నేను ఖాతాలకు పోతున్న సార్. గా సర్టిఫికెట్ రద్దు చేయమని మీరు ఆ సంస్థకు రాస్తరా?"

రాశాను. ఆమె ఖాతా పాస్‌వర్డు మార్చి, ఆ దొంగ పేరును తీసేసి, మేము వాడే సంస్థ తప్ప ఇంకెవరూ ఈ పేరు మీద సర్టిఫికెట్ ఇవ్వకూడదని ఆ ఖాతాలోనే ఒక కట్టడి రాసిపెట్టింది. మధ్యాహ్నానికల్లా దొంగ పేజీ ఎక్కడా తెరుచుకోలేదు. మేమిద్దరం అంతసేపు ఒక్క అనవసరపు మాట లేకుండా పని చేశాం. నాకు ఎలా తెలిసిందని ఆమె అడగలేదు. అడుగుతుందేమోనని నేను మాత్రం భయపడుతూనే ఉన్నాను.

గద్వాల పంచాయితీ

ఖాదర్ సాబ్ మమ్మల్ని వెంటబెట్టుకుని గద్వాల వెళ్ళాడు. దొంగ ఎలా దూరాడో అక్కడ బయటపడింది. అప్పట్లో కీతో పాటు ఖాతా పాస్‌వర్డు కూడా నాగప్ప గ్రూపులో పెట్టించాడు, అదే పద్ధతి ప్రకారం. కీ తుడిపించాడు గానీ ఇది మరిచిపోయాడు. పాత పాస్‌వర్డునే సుజాత కొనసాగించింది, అది కూడా పంచారని ఆమెకు తెలియదు. ఈ మధ్య కమిటీలో ఒకాయన ఫోను బస్టాండులో పోయింది, అది దొరికినవాడు గ్రూపు తెరిచి చూశాడు.

నాగప్ప తల పట్టుకున్నాడు. "నాదే తప్పు. ఒక్కటి తుడిపిన, ఇంకొకటి యాదికి లేకపాయె. మా పోరగాళ్ళ నోటికాడి కూడు పోతుండె."

"గవుర్మెంటోళ్ళకు ఫిర్యాదు నేను ఇస్త పెద్దాయనా, మీరు పరేషాన్ గాకుండ్రి" అంది సుజాత.

ఖాదర్ సాబ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "బచ్‌గయే, బతికిపోయినం. ఇంతకు గిది పట్టిందెవరు?"

"రాములు సార్" అంది సుజాత.

అందరూ నా వైపు తిరిగారు. ఇన్నేళ్ళుగా నేను ఎదురుచూసిన చూపు అది. ఒక్క నిమిషమే నిలబడింది.

"నువ్వా?" అన్నాడు ఖాదర్ సాబ్. "గద్వాల పని నీ దగ్గరికెల్లి తీసి ఎన్ని దినాలాయె! నీది గాని పని నువ్వెందుకు చూస్తున్నవ్?"

"రోజూ చూస్త సాబ్" అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది.

"రోజూనా? ఎందుకు?"

నాగప్ప కూడా తలెత్తి చూశాడు.  ఏం చెప్పను? ఈమె ఎప్పుడు తప్పు చేస్తుందా అని చూస్తున్నానని చెప్పనా? వాళ్ళ మగ్గాలు ఆగిపోయే రోజు కోసం పొద్దున్నే చాయ్ పెట్టుకుని కూర్చున్నానని చెప్పనా? ఖాదర్ సాబ్ తెలివైనవాడు. ఆయన కళ్ళలో అనుమానం మెల్లగా ఊరడం కనిపిస్తోంది.

"నేనే చూడుమన్న సాబ్" అంది సుజాత. "నా పని మీద ఇంకొకరి కన్ను ఉండాలె గద. సారు కన్నయితే నిమ్మళంగ ఉంటదని అడిగిన."

"అచ్ఛా! గది మాట" అని ఖాదర్ సాబ్ మళ్ళీ గ్లాసు అందుకున్నాడు. నాగప్ప లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన అరచేతులు మగ్గం మీద అరిగి గరుకుగా ఉన్నాయి. నేను ఆయన మొహంలోకి చూడలేకపోయాను.

బయటికొచ్చాక, ఖాదర్ సాబ్ బండి తిప్పుకుంటుండగా, సుజాత దగ్గరికి వెళ్ళాను.

"అట్లెందుకు చెప్పినవ్? నువ్వు నాకు ఎన్నడూ చూడుమని చెప్పలే."

"చెప్పలే సార్."

"మరి?"

"ఇప్పుడు చెప్తున్న గద. రేపటికెల్లి చూడుండ్రి." చెప్పులు సర్దుకుంటూ మామూలుగా అంది. "మీరెందుకు చూస్తరో నాకు ఎప్పటికెల్లో ఎరుకే సార్. మీరు చూస్తున్నరనే నేను ఒక్కటి గూడ తప్పనియ్యలే."

ఆమెకు దండం పెట్టాల్సిన చోట నేను పోయి బండెక్కాను. దారంతా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను. ఆ సమయంలో అలాంటి మాట నా నోటికి జన్మలో వచ్చేది కాదు. ఆ అబద్ధం కూడా ఎంత అందంగా ఆడింది! దానికీ కుళ్ళుకున్నాను.

నేను రిటైరయ్యాను. గద్వాల సైటు ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది. ఇవాళ పొద్దున కూడా చాయ్ పెట్టుకుని చూశాను. గడువు ఇంకా బోలెడుంది, కొత్త సర్టిఫికెట్ అప్పుడే వచ్చి కూర్చుంది. ఒక్క తప్పు లేదు. ఏం మనిషో!